ఇంకా ఎంత నడవమంటారు?

జి. కొండూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే పని మొదలవుతుంది. మగవాళ్లు చిక్కాలతో కాయ కోస్తారు. ఆడవాళ్లు వాటిని ఏరి, సొన కారిపోయేదాకా బోర్లించి, బంగినపల్లి, రసాలు, కలెక్టరు కాయ వేరు చేసి, సైజుల వారీగా ట్రేలలో సర్ది, లారీ దాకా మోస్తారు. మొన్న వేసవిలో అలాంటి ఒక తోటలో అన్నాల వేళ షుగరు గురించి మాట్లాడదామని కూర్చున్నాం. నేను సంచిలోంచి బొమ్మల చార్టు తీసి "రోజూ అరగంట నడవాలి" అన్న బొమ్మ దగ్గరికి వచ్చాను. నలభై అయిదేళ్లుంటాయేమో, ఒకావిడ కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని అడిగింది.

"ఇంకా ఎంత నడవమంటారు మేడం? పొద్దున నాలుగింటి నించీ నడుస్తానే ఉన్నాగా!"

అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వి, చార్టు మడిచి, ఏదో సర్దిచెప్పి వచ్చేశాను. ఆవిడకు ఆరేళ్లుగా షుగరు ఉంది. మెట్లెక్కితే ఆయాసం. తొడలు సన్నబడిపోయి, కింద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేదు. రోజుకు పది గంటలు ఒళ్లు వంచే మనిషికి వ్యాయామం లేకపోవడం వల్ల వచ్చే జబ్బులన్నీ ఎందుకు వచ్చాయి? ఈ ప్రశ్నకు నా చార్టులో జవాబు లేదు. ఆస్పత్రుల గోడల మీద అంటించిన చార్టుల్లోనూ లేదు. ఉన్నదల్లా ఒకటే మాట: నువ్వు కదలడం లేదు, తప్పు నీది.

ఈ మాటను మనం ఇంతకాలం ఊళ్లూళ్లూ మోశాం. ఇప్పుడు దీనికి కొత్త శాస్త్రం కూడా తోడయింది. కండరాలు కదిలినప్పుడు వాటిలోంచి హార్మోన్లు విడుదలవుతాయని, అవి షుగరును, కండ క్షీణించడాన్ని, గుండెజబ్బును అదుపులో పెడతాయని పత్రికలు, టీవీలు, ఆస్పత్రుల ప్రకటనలు చెబుతున్నాయి. శాస్త్రం నిజమే. దాన్ని మన మీద ఎలా వాడుతున్నారన్నదే తగాదా. ఆ సంగతికి వచ్చేముందు శాస్త్రం ఏం చెబుతోందో మనమే తెలుసుకుందాం. 1991లో 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన స్త్రీలు మన ఒంటి గురించిన జ్ఞానాన్ని డాక్టర్ల గదిలోంచి బయటికి తెచ్చిపెట్టారు. దాన్ని మళ్లీ ఆ గదిలోకే పోనివ్వకూడదు.

కండ అంటే బరువులెత్తే తాడులాంటిదని మాత్రమే చాలాకాలం అనుకున్నారు. థైరాయిడ్ లాగా, క్లోమం లాగా అది కూడా రక్తంలోకి సందేశాలు పంపే అవయవమని గత పాతికేళ్లలో తేలింది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో బెంటే క్లార్లుండ్ పెడర్సెన్ అనే మహిళా శాస్త్రవేత్త బృందం 2000లో ఒక ప్రయోగం ప్రచురించింది. మనుషుల చేత ఒక కాలితోనే గంటల తరబడి వ్యాయామం చేయించి, రెండు కాళ్ల నుంచి వచ్చే రక్తాన్నీ పరీక్షించారు. పని చేసిన కాలి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే పదార్థం రక్తంలోకి వస్తోంది, ఊరుకున్న కాలి నుంచి రావడం లేదు. కండ నుంచి వచ్చే ఇటువంటి పదార్థాలకు 2003లో వాళ్లు మయోకైన్లు అని పేరు పెట్టారు. ఇప్పటికి అవి వందల సంఖ్యలో ఉన్నాయంటున్నారు.

ఇంటర్‌ల్యూకిన్-6 కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒంట్లో జబ్బు, వాపు ఉన్నప్పుడు, పొట్టలో కొవ్వు పేరుకున్నప్పుడు ఇదే పదార్థం రాత్రింబవళ్లు కొద్దికొద్దిగా రక్తంలోకి కారుతూ ఉంటుంది. అప్పుడది ఇన్సులిన్ పనిని చెడగొట్టేవాటి జట్టులో ఉంటుంది. అదే పదార్థం వ్యాయామం చేసిన కండలోంచి ఒక్కసారిగా ఎగసి, వ్యాయామం ఆగాక కొన్ని గంటల్లో తగ్గిపోతే మేలు చేస్తుంది. కొవ్వును కరిగిస్తుంది, వాపును అణిచే పదార్థాలను లేపుతుంది. జి.ఎల్.పి.-1 అనే పేగు హార్మోనును అది పెంచుతుందని 2011లో ఎలుకల్లో చూశారు. ఇవాళ వేలకు వేలు పోసి కొనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు అనుకరించేది ఈ జి.ఎల్.పి.-1నే. 2019లో కోపెన్‌హాగెన్ వాళ్లే ఇంకో పరీక్ష చేశారు. పొట్ట పెరిగినవాళ్ల చేత పన్నెండు వారాలు సైకిలు తొక్కించి, సగం మందికి ఇంటర్‌ల్యూకిన్-6 పని చేయకుండా అడ్డుకునే మందు ఇచ్చారు. మందు తీసుకోని వాళ్లకు పొట్ట లోపలి కొవ్వు, గుండె చుట్టూ ఉండే కొవ్వు తగ్గాయి. మందు తీసుకున్నవాళ్లకు అంతే సైకిలు తొక్కినా ఆ కొవ్వు తగ్గలేదు. కండ పంపే సందేశం అందకపోతే చెమట మాత్రమే మిగులుతుందన్నమాట.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మయోస్టాటిన్ అనేది కండ పెరగకుండా పట్టే కళ్లెం. దాన్ని 1997లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో కనుక్కున్నారు. వ్యాయామంతో ఆ కళ్లెం సడలుతుంది. 2012లో హార్వర్డ్ వాళ్లు ప్రకటించిన ఐరిసిన్ గురించి మాత్రం మనుషుల్లో ఎంత పనిచేస్తుందన్న దాని మీద ఏళ్ల తరబడి తగాదా నడిచింది. ఐరిసిన్ పేరుతో ఎవరన్నా డబ్బా అమ్మడానికి వస్తే ఆ సంగతి గుర్తుంచుకోండి. వీటన్నిటి కంటే పాత సత్యం ఒకటుంది. తిన్న అన్నంలోని చక్కెరలో అధికభాగాన్ని ఇన్సులిన్ పిలుపు మీద తీసుకునేది కండే. కండ కదులుతున్నప్పుడు ఇన్సులిన్ పిలవకపోయినా తన తలుపు తనే తెరుచుకుని చక్కెరను లోపలికి తీసుకుంటుంది. కనుక కండ తగ్గిన మనిషికి షుగరు పెరుగుతుంది, షుగరు పెరిగిన మనిషికి కండ ఇంకా త్వరగా తగ్గుతుంది.

అయితే తోటలో ఆవిడకు ఈ మేలంతా ఎందుకు అందలేదు?

దీనికి జవాబు కూడా అదే కోపెన్‌హాగెన్ నుంచి వచ్చింది గానీ మన ఆస్పత్రి గోడల మీదికి ఎక్కలేదు. 2021లో ఆ నగరంలో 1,04,046 మందిని పదేళ్లపాటు గమనించిన అధ్యయనం ఒకటి వచ్చింది. తీరిక వేళల్లో ఎక్కువగా కదిలిన వాళ్లకు గుండెపోట్లు, మరణాలు తక్కువ. ఉద్యోగంలో, కూలిపనిలో ఎక్కువగా కదిలిన వాళ్లకు గుండెపోట్లు, మరణాలు ఎక్కువ. రెండూ కదలికే. ఒకటి ఆయుష్షు పోసింది, రెండోది తీసింది.

కారణాలు ఊహించలేనివేమీ కావు. వ్యాయామమంటే కాసేపు గట్టిగా కదిలి, ఆగి, తిని, నిద్రపోవడం. కూలిపనంటే ఎనిమిది, పది గంటలు ఒకే భంగిమలో, ఒకే భుజం మీద, నీళ్లు తాగే వ్యవధి లేకుండా సాగదీయడం. గుండె వేగం, రక్తపోటు రోజంతా పైనే ఉంటాయి. అలిసిన కండ బాగుపడేది విశ్రాంతిలోనే, ఆ విశ్రాంతి దొరకదు. పైగా ఈ పనిలో గుండెను, ఊపిరిని గట్టిగా పని చేయించే ఉధృతి తక్కువ, నడుముకు మోకాళ్లకు పడే అరుగుదల ఎక్కువ. కొందరు శాస్త్రవేత్తలు ఈ తేడాకు పని కారణం కాదు, కూలివాళ్ల పేదరికం, తిండి, సిగరెట్లు కారణమని వాదిస్తున్నారు. సరే, అలాగే అనుకుందాం. పేదరికం వల్ల అయితే మాత్రం "నడవండి" అనే సలహా ఏం చేస్తుంది?

ఇక్కడ ఒక పాత పాట మనకు వినిపిస్తారు. మన నాయనమ్మలు రోట్లో దంచారు, తిరగలి విసిరారు, బావిలో నీళ్లు తోడారు, వాళ్లకు షుగర్లూ బీపీలూ ఉన్నాయా, మిక్సీలు గ్రైండర్లు వచ్చి ఆడవాళ్ల ఒళ్లు పాడయింది అని. ఈ మాట సభల్లో చప్పట్లు కొట్టించుకుంటుంది. చదువుకున్న డాక్టర్లు కూడా నవ్వుతూ అంటారు. నాయనమ్మల రక్తం ఎవరు పరీక్షించారు? వాళ్లలో ఎందరు పురుళ్లలో పోయారో, ఎందరు నలభై దాటకుండానే నడుములు వంగిపోయి మూలన కూర్చున్నారో లెక్క ఎవరి దగ్గరుంది? తిరగలి అంత మంచి వ్యాయామమైతే తాతయ్యలు ఒక్కరోజైనా దాన్ని ఎందుకు ముట్టుకోలేదు? మిక్సీ వల్ల మిగిలిన గంట ఆమెకు దక్కి ఉంటే అది వేరే సంగతి. అది పాడి గేదె దగ్గరికీ, పిల్లల ట్యూషన్ దగ్గరికీ, పొదుపు సంఘం వాయిదాల మీటింగు దగ్గరికీ పోయింది. 2024 కాల వినియోగ సర్వే ప్రకారం ఈ దేశంలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు దాని మీద పెట్టే సమయం 289 నిమిషాలు, చేసే పురుషులు పెట్టేది 88 నిమిషాలు. 2019లో స్త్రీలది 299 నిమిషాలు. అయిదేళ్లకు మనకు దక్కిన విముక్తి పది నిమిషాలు.

ఈ లెక్క పక్కన ఇంకో లెక్క పెట్టండి. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లు కలిసి ప్రచురించిన అంచనా ప్రకారం మన దేశంలో చాలినంత శారీరక శ్రమ లేని వయోజనులు స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 42 శాతం. పత్రికలు దీన్ని "బద్ధకిస్తున్న భారతం" తరహాలో వేశాయి. రోజుకు అయిదు గంటలు ఇంటిపని చేసే స్త్రీ శ్రమ లేని మనిషి ఎలా అయింది? ఆమె గంటలు గంటలు నిలబడుతుంది, వంగుతుంది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతుంది. అందులో కండకు పనికొచ్చే కదలిక కొంచెమే ఉంటుంది, మనిషికి పనికొచ్చే తీరిక అసలుండదు. ఆమెను ఒకవైపు పనితో అలగ్గొట్టి, రెండోవైపు కదలనిదని ముద్ర వేస్తున్నారు.

పరిశోధనలు ఎవరి మీద జరిగాయో కూడా అడగాలి. మన పొరుగున చెన్నైలో జరిగిన మధుమేహ నివారణ పరీక్ష దేశానికంతటికీ దారి చూపిందని 2006 నుంచి చెప్పుకుంటున్నాం. తిండి, నడక మార్చుకుంటే షుగరు వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గుతుందని అది తేల్చింది. గొప్ప ఫలితమే. అందులో పాల్గొన్న 531 మందిలో పురుషులు 421 మంది, స్త్రీలు 110 మంది. తర్వాత సెల్‌ఫోన్ సందేశాలతో ఇదే పని చేయవచ్చా అని చూసి 2013లో ప్రచురించిన పరీక్షలో ఉన్న 537 మందీ ఉద్యోగాలు చేసే పురుషులే. అరగంట నడవమని ఫోనులో సందేశం వస్తే చెప్పులేసుకుని బయటికి వెళ్లగలిగినవాళ్లు. అదే సందేశం మన తోటలో ఆవిడకు వస్తే ఏం జరుగుతుందో మనకు తెలుసు. "ఎవరికోసం పోతన్నావు ఇంత పొద్దున్నే?" అని ఇంట్లో మొదటి ప్రశ్న వస్తుంది. విజయవాడ నుంచి మైలవరం మీదుగా పోయే పెద్దరోడ్డు మీద తెల్లవారుజామున లారీల మధ్య ఒక ఆడమనిషి ఒంటరిగా నడవగలదా అన్నది రెండో ప్రశ్న.

జబ్బు మాత్రం మగవాళ్ల దగ్గరా, పట్నాల దగ్గరా ఆగలేదు. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 గ్రామాల్లో 2003-04లో మరణాల లెక్క తీస్తే, వాటిలో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే అని తేలింది. అక్కడి గ్రామాల్లోనే ముప్పై ఏళ్లు దాటినవాళ్లలో 13.2 శాతం మందికి షుగరు ఉంది. కృష్ణ దాటి, గోదావరి దాటి డెల్టా అంతా తెల్ల అన్నం మీద బతికే పల్లెలవి. మెట్ట సీమ అయిన మన జి. కొండూరు వైపు కూడా కంచంలో తేడా ఏం లేదు. 2023లో వచ్చిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం దేశంలో షుగరు ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షలని అంచనా వేసింది.

కంచం మాట వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. కండ మాటలతో పెరగదు, మాంసకృత్తులతో పెరుగుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఒంటి బరువులో కిలోకు 0.83 గ్రాముల చొప్పున రోజూ మాంసకృత్తులు కావాలి. యాభై కిలోల మనిషికి నలభై గ్రాములకు పైన. చారూ అన్నమూ పచ్చడీ తిని చివర్లో గిన్నె గీక్కునే మనిషికి నలభై గ్రాములు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న ఒక్క గుడ్డు కొడుకుది, చేపముక్క మొగుడిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. రక్తం చాలని మనిషిని గట్టిగా వ్యాయామం చేయమంటే కండలోకి చేరాల్సిన ప్రాణవాయువు ఎక్కడిది?

దీనికితోడు మన రాష్ట్రంలో గర్భసంచులు తీసిపారేసే అలవాటు. 2015-16 సర్వేలో 15-49 వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఎముకతో పాటు కండ, గుండె కూడా దెబ్బతింటాయి. ముప్పై అయిదేళ్లకు ఆపరేషన్ చేసి పంపిన ప్రైవేటు ఆస్పత్రే నలభై అయిదేళ్లకు అదే మనిషికి వ్యాయామం మీద ఉపన్యాసం ఇస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు నాకు కోపం ఆగదు, ఆపుకోవాలని కూడా లేదు.

ఇక మందుల వ్యాపారం. 2025లో మన దేశంలోకి దిగిన బరువు తగ్గించే ఇంజెక్షన్లతో కొవ్వుతో పాటు కండ కూడా పోతుందని వాటిని వాడే డాక్టర్లకు తెలుసు. దానికి విరుగుడుగా మయోస్టాటిన్ కళ్లేన్ని కోసే మందులను పరీక్షిస్తున్నారు. షుగరుకూ గుండెకూ ఆ ఇంజెక్షన్లు అవసరమైన వాళ్లున్నారు, వాళ్లకు చవగ్గా దొరకాలి, కాదనను. కానీ ముందే తొడలు సన్నబడి ఉన్న కూలి స్త్రీకి ఇంజెక్షన్ పొడిచి, మిగిలిన కండ పోకుండా ఇంకో ఇంజెక్షన్ అమ్మే రోజు వస్తుంది చూడండి. కండ తనంతట తాను తయారుచేసుకునే మందు మాత్రం ఏ కంపెనీకీ లాభం తేదు. అందుకు కావలసింది రోజులో కాస్త ఖాళీ సమయం, కాస్త జాగా, కంచంలో ఒక గుడ్డో గుప్పెడు పప్పో.

మనల్ని కూడా వదిలిపెట్టకూడదు. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మనం నిధులిచ్చేవాళ్ల నమూనాల్లో "అవగాహన కల్పించబడిన స్త్రీల సంఖ్య" అనే గడి నింపుతూ వచ్చాం. ఆ గడిలో నా తోట మీటింగు కూడా పదిహేడు అని పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో వారానికి 150 నుంచి 300 నిమిషాల కదలికతో పాటు వారానికి కనీసం రెండు రోజులు కండకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ఉంది. మన చార్టుల్లో మొదటి సగమే ఉంది. బరువులెత్తడం మగవాళ్లదని చార్టు గీసినవాడూ అనుకున్నాడు, పట్టుకుని తిరిగిన మనమూ అనుకున్నాం. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ఒంటిని ముందుకూ వెనక్కూ తోయడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం, ఇవి ఆశా కార్యకర్త గంటలో నేర్పగలిగినవి. ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం ఉన్నవాళ్లు ముందు డాక్టరుకు చూపించుకోవాలి. ఇన్సులిన్ గానీ, షుగరును బాగా దించే బిళ్లలు గానీ వాడేవాళ్లు ఖాళీ కడుపుతో చేయకూడదు, కళ్లు తిరుగుతాయి. ఇంతకు మించి రహస్యమేమీ లేదు.

అయితే ఇవి నేర్పినంత మాత్రాన సరిపోతుందని అంటే నేనూ మళ్లీ చార్టు పట్టుకున్నట్టే. పది గంటలు ట్రేలు మోసి వచ్చినవాళ్లకు ఇంకో అరగంట పని అంటగట్టే హక్కు మనకెవరిచ్చారు? మొదట ఆ పదిగంటల సంగతి తేలాలి. తోటలో మధ్యాహ్నం నీడలో కూలి కోయకుండా విశ్రాంతి, మోసే బరువుకు ఒక హద్దు, తాగడానికి నీళ్లు, మరుగుదొడ్డి. గుండె గురించి మాట్లాడేవాళ్లు ముందు వీటి గురించి మాట్లాడాలి. తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి టన్నుకు ఇంత అని లెక్క చూస్తాడు గానీ, ఆ టన్ను ఎన్ని నడుముల మీదుగా లారీ ఎక్కిందో చూడడు.

ఆ వేసవి తర్వాత నేను చార్టు లేకుండా మళ్లీ వెళ్లాను. కండ హార్మోన్ల సంగతి, పనికీ వ్యాయామానికీ తేడా, పైన రాసినదంతా చెప్పాను. నన్ను అడిగిన ఆవిడ చివరిదాకా విని "అయితే మేం బద్ధకపోళ్లం కాదన్నమాట" అంది. పక్కనున్న పిన్నిగారు "అది నీకిప్పుడు తెలిసిందా?" అని మందలించింది. తర్వాత వాళ్లే మాట్లాడుకుని, కోతలు లేని రోజుల్లో సాయంత్రం ఒక గంట బడి ఆటస్థలంలో కలుద్దామనుకున్నారు. ఆటస్థలానికి గేటు ఉంది, తాళం ఉంది. సాయంత్రాలు కుర్రాళ్లు క్రికెట్ ఆడడానికి ఆ తాళం తీస్తారు. ఆడవాళ్లు అడిగేసరికి పెద్దమనుషుల అనుమతి కావాలన్నారు. చీరలు కట్టుకున్నవాళ్లు గెంతులేస్తే ఊళ్లో నవ్వుతారని ఒకాయన సలహా ఇచ్చాడు.

ఇప్పుడు గ్రామసభకు ఇవ్వడానికి అర్జీ రాసి పెట్టుకున్నారు. వారానికి నాలుగు సాయంత్రాలు ఆటస్థలం స్త్రీలకు, గేటు దగ్గర ఒక లైటు, షుగరు బీపీ పరీక్షలు ఆస్పత్రిలో కాకుండా కోతల కాలంలో తోటల దగ్గరే, పరీక్షల లెక్కలు ఆడవాళ్లవీ మగవాళ్లవీ విడివిడిగా పంచాయతీ బోర్డు మీద. కింద ఇరవై మూడు సంతకాలున్నాయి. "ఆటస్థలం మాకు కూడా" అని నేను రాస్తే, "కూడా" కొట్టేయమన్నారు. కొట్టేశాను.